జీవజాతుల ఉమ్మడి పద్దు: వర్గీకరణ శాస్త్రంలో వెబ్ సాఫ్ట్‌వేర్

జీవులకు పేర్లు పెట్టడం, వాటిని వర్గాలుగా చేర్చడం, ఏది దేనికి దాయాదో తేల్చడం వర్గీకరణ శాస్త్రజ్ఞుల పని. ఈ పనికి కావలసిన సమాచారాన్ని వేర్వేరు దేశాల్లో ఉన్న పరిశోధకులు ఒకేచోట రాసుకుని, దిద్దుకుని, వాడుకోవడానికి వచ్చిన వెబ్ సాఫ్ట్‌వేర్ల గురించి ఈ వ్యాసం. ఎమ్‌ఎక్స్, టాక్సన్‌వర్క్స్, స్క్రాచ్‌ప్యాడ్స్, మార్ఫోబ్యాంక్, ఆఫియా ఈ కోవలో పేరున్నవి. పైపైన చూసేవారికి ఇవి జాతుల జాబితాల్లా కనబడతాయి. లోపలికి వెళితే మాత్రం కరణం గారి దస్తరం గుర్తుకొస్తుంది. ఫలానా పేరు ఎవరు పెట్టారు, ఏ ఏడాది, ఏ నమూనా చూసి, తర్వాత ఎవరు కాదన్నారు, ఏ కారణంతో? ప్రతి మాటకూ ఒక నమోదు, ప్రతి నమోదుకూ ఒక ఆధారం, దాన్ని ఎక్కించినవారి పేరు. జాబితా అనేది ఆ దస్తరంలోంచి ఈ రోజుకు తీసిన నకలు. రేపు తీస్తే ఇంకోలా రావచ్చు.

ఇప్పటికి పేరు పెట్టిన జాతులు సుమారు 20 లక్షలు. ఏటా వేల సంఖ్యలో కొత్తవి చేరుతూనే ఉంటాయి. 2011లో కెమిలో మోరా బృందం వేసిన అంచనా ప్రకారం బ్యాక్టీరియా వంటివి వదిలేసినా భూమి మీద జాతులు సుమారు 87 లక్షలు. అంటే ముందున్న పని అయిన పనికి మూడు రెట్లకు మించి ఉంది. దాన్ని చేసేవారు తక్కువ, వాళ్లు ఉండేది చెదురుమదురుగా. ఉమ్మడి సాఫ్ట్‌వేర్ అవసరం అక్కడ మొదలైంది.

రక్తపింజర పేర్లు

చిక్కు ఏమిటో రక్తపింజర చరిత్ర చూస్తే తెలుస్తుంది. 18వ శతాబ్ది చివర్లో విశాఖపట్నంలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రస్సెల్ కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. చాలా పాములకు ఇక్కడివాళ్లు చెప్పిన పేర్లనే ఇంగ్లిషు లిపిలో రాసుకున్నాడు. రక్తపింజర ఆ పుస్తకంలో 'కాటుకరేకుల పొడ'. మరుసటి ఏడాది జార్జ్ షా, ఫ్రెడరిక్ నాడర్ కలిసి దానికి రస్సెల్ పేరు మీదుగా కొలుబర్ రస్సెలీ అని శాస్త్రీయ నామం పెట్టారు. ఆ రోజుల్లో కొలుబర్ అంటే దొరికిన పామునల్లా పడేసే బుట్ట. తర్వాత అది వైపెరా ప్రజాతిలోకి వెళ్లింది. 20వ శతాబ్దిలో చాలాకాలం వైద్య గ్రంథాలు ఎక్కువగా వైపెరా రస్సెలీ అనే రాశాయి. ఇప్పుడు డబోయా రస్సెలీ అంటున్నాం. ఈ డబోయా అనే ప్రజాతి 1842లో జాన్ ఎడ్వర్డ్ గ్రే పెట్టింది.

ఇది చాలదన్నట్టు స్పెల్లింగు తగాదా ఒకటి. రెండో మాటలో 'ఎల్' అక్షరం ఒకటా, రెండా? రస్సెల్ ఇంటిపేరులో రెండున్నాయి కాబట్టి ఎందరో రెండే రాశారు. 1797లో అచ్చయింది ఒక్కదానితో. జంతు నామకరణ నియమావళి మామూలుగా మొదటి అచ్చు రూపానికే విలువిస్తుంది గనుక ఒక్క 'ఎల్' వైపే న్యాయం ఉంది. అయితే రెండు 'ఎల్'లతో రాసిన వ్యాసాలు ఎక్కడికీ పోవు. వెతికేవారికి అవీ దొరకాలి.

పూర్తి పేరు రాసేటప్పుడు షా, నాడర్, 1797 అన్న వివరాన్ని బ్రాకెట్లలో పెడతారు. వాళ్లు పేరు పెట్టిన నాటి ప్రజాతి వేరు, ఇప్పటిది వేరు అని చెప్పే గుర్తు అది. ప్రజాతి మారకపోతే బ్రాకెట్లు ఉండవు. ఎక్సెల్ షీటులో ఈ సంగతంతా ఒక గడిలో కుక్కితే ఎవరో ఒకరు ఆ బ్రాకెట్లు అనవసరమనుకుని తీసేస్తారు. అలా తీసేసిన షీట్లు లోకంలో ఎన్ని తిరుగుతున్నాయో లెక్కలేదు. టాక్సన్‌వర్క్స్‌లో ఈ పని వేరుగా జరుగుతుంది. మొట్టమొదట పెట్టిన పేరును, అంటే ప్రోటోనిమ్‌ను, ఒకేసారి నమోదు చేస్తారు. తర్వాత వచ్చిన ప్రజాతి మార్పులు, తప్పు స్పెల్లింగులు, పర్యాయనామాలు అన్నీ దానికి కట్టిన లంకెలు. ఏ లంకె ఏ నియమం కింద వస్తుందో కూడా చెప్పాలి. బ్రాకెట్లు పెట్టాలో వద్దో సాఫ్ట్‌వేరే ఆ లంకెల నుంచి తేల్చుకుంటుంది.

లాటిన్ లింగభేదం ఇంకో తలనొప్పి. కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు. అది మన 'బంగారు పాము'కు లాటిన్ తోక తగిలిస్తే వచ్చిన మాటే. రస్సెల్ పుస్తకంలో ఉన్న తెలుగు పేరు ఆధారంగా 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త దోదాన్ దాన్ని కల్పించాడు. పసుపు, నలుపు పట్టెలున్న బంగారు కట్లపామును అంతకు రెండేళ్ల ముందే ష్నైడర్ స్యూడోబోవా ఫాసియాటా అన్నాడు. బంగారస్ పుంలింగం కావడంతో ప్రజాతి మారగానే ఫాసియాటా కాస్తా ఫాసియాటస్ అయింది. తెలుగు బంగారం లాటిన్‌లోకి వెళ్లి మగవాడైన ఉదంతం ఇది! నియమం చిన్నదే, కానీ వేల పేర్లకు చేత్తో దిద్దుతూ కూర్చుంటే తప్పులు దొర్లుతాయి. ప్రజాతి లింగం ఒకసారి చెప్పి, జాతి పేరు విశేషణమో కాదో చెబితే చాలు, మిగిలిన రూపాలు యంత్రం చూసుకుంటుంది.

మొక్కల నియమావళి వేరు, జంతువుల నియమావళి వేరు. మొక్కల పేర్ల లెక్క 1753 నాటి లినేయస్ గ్రంథంతోనూ, జంతువుల లెక్క 1758 నాటి గ్రంథంతోనూ మొదలవుతుంది. ఒకరి పేర్లు ఇంకొకరు చూడనక్కర్లేదు. అందుకే మోరస్ అంటే వృక్షశాస్త్రజ్ఞుడికి మల్బరీ చెట్టు, పక్షిశాస్త్రజ్ఞుడికి గానెట్ అనే సముద్రపు పక్షి. రెండిటినీ ఒకే డేటాబేసులో పెట్టేవాడు ముందు ఈ రెండు చట్టాలూ చదువుకోవాలి.

పేరొకటే, హద్దులు రెండు

పేర్ల గొడవ తీరినా, ఆ పేరు ఎంతమేర వర్తిస్తుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 2007 వరకు డబోయా రస్సెలీ అంటే పాకిస్తాన్ నుంచి ఇండోనేషియా దాకా ఉన్న పాములన్నీ. ఆ ఏడాది థోర్ప్, పూక్, మల్హోత్రా డీఎన్‌ఏను, రూపాన్ని పరిశీలించి తూర్పు వైపు పాములను డబోయా సయామెన్సిస్ అనే వేరే జాతిగా విడగొట్టారు. డబోయా రస్సెలీ భారత ఉపఖండానికి పరిమితమైంది. పేరులో అక్షరం మారలేదు గానీ హద్దు సగానికి తగ్గింది. ఇప్పుడు 1995 నాటి వ్యాసంలో థాయ్‌లాండ్ డబోయా రస్సెలీ విషం గురించి రాసి ఉంటే, ఆ వివరం ఏ జాతి ఖాతాలో పడాలి? పాముకాటు విరుగుడు మందు తయారుచేసేవారికి ఇది ప్రాణంమీది సంగతి.

ఈ చిక్కుకు విరుగుడుగా మంచి సాఫ్ట్‌వేర్లు పేరును, జీవుల సమూహాన్ని రెండు వేర్వేరు వస్తువులుగా చూస్తాయి. సమూహానికి ఓటీయూ (ఆపరేషనల్ టాక్సనామిక్ యూనిట్) అని పొట్టిపేరు. రాబర్ట్ సోకల్, పీటర్ స్నీత్ 1963 నాటి తమ సంఖ్యా వర్గీకరణ గ్రంథంతో ప్రచారంలోకి తెచ్చిన మాట ఇది. చిత్రాలు, కొలతలు, నమూనాలు, డీఎన్‌ఏ అన్నీ ఓటీయూకు తగిలిస్తారు. పేరు దాని మీద అంటించిన చీటీ. రేపు చీటీ మారినా కింది సరుకు కదలదు. ఇంకా పేరు పెట్టని జాతి అయినా సరే 'తిరుమల కొండల సాలీడు, మూడోది' అని పిలుచుకుంటూ పని సాగించవచ్చు. ఈ ఒక్క ఏర్పాటు ఉందో లేదో చూసి సాఫ్ట్‌వేర్ రాసినవారు వర్గీకరణ పని దగ్గరనుంచి చూశారో లేదో చెప్పేయవచ్చు.

అట్టపెట్టెల నుంచి వెబ్ దాకా

కంప్యూటర్లకు ముందు ఒక్కో జీవుల కుటుంబానికి ఒక్కో పెద్దాయన, ఆయన గదిలో అట్టపెట్టెల నిండా కార్డులు. సందేహం వస్తే ఉత్తరం రాయాలి. ఆయన కాలం చేస్తే కార్డులు ఏ మ్యూజియం బీరువాలోకో చేరేవి. జీవుల వర్ణనను యంత్రం చదివే రూపంలోకి మార్చిన తొలి ప్రయత్నాల్లో ప్రసిద్ధమైనది ఆస్ట్రేలియాలో మైక్ డాల్‌విట్జ్ తయారుచేసిన డెల్టా పద్ధతి. దాన్ని ఆయన 1980లో పూర్తి వివరంగా ప్రచురించాడు. 1985లో వర్గీకరణ డేటాబేసుల వాళ్లంతా కలిసి టీడీడబ్ల్యూజీ అనే సంఘం పెట్టుకున్నారు. వివరాలు ఇచ్చిపుచ్చుకోవడానికి అందరూ ఒప్పుకున్న డార్విన్ కోర్ ప్రమాణానికి 2009లో ఈ సంఘమే ఆమోదముద్ర వేసింది. 2001లో కోపెన్‌హాగెన్ కేంద్రంగా జీబిఫ్ మొదలైంది. ఎక్కడెక్కడి మ్యూజియంల, పరిశీలకుల నమోదులనూ ఒకచోట చేర్చే ఈ వేదికలో ఇప్పుడు 200 కోట్లకు పైగా నమోదులున్నాయి. జంతువుల పేర్ల రిజిస్టరు జూబ్యాంక్ 2008లో వచ్చింది. 2012లో నియమావళి సవరించి, కాగితం లేకుండా కేవలం ఎలక్ట్రానిక్‌గా ప్రచురించిన కొత్త జంతు నామాలు చెల్లాలంటే ఆ రచన జూబ్యాంక్‌లో నమోదై ఉండాలన్నారు. అంటే వెబ్‌లోని ఒక రిజిస్టరుకు చట్టంలో చోటు దక్కింది.

జీబిఫ్, జూబ్యాంక్ వంటివి సరుకు చేరే గోదాములు. సరుకు తయారయ్యే కార్ఖానా వేరు. ఆ కార్ఖానాల్లో తొలితరం వెబ్ సాఫ్ట్‌వేర్ ఎమ్‌ఎక్స్.

ఎమ్‌ఎక్స్, కందిరీగలవాళ్ల నిఘంటువు

2000 దశకం మధ్యలో అమెరికాలో మ్యాట్ యోడర్, ఆండ్రూ డీన్స్ తదితరులు ఎమ్‌ఎక్స్ రాశారు. భాష రూబీ, చట్రం రెయిల్స్. యోడర్, డీన్స్ వృత్తిరీత్యా ప్రోగ్రామర్లు కాదు, కందిరీగలను వర్గీకరించేవాళ్లు. తమకు కావలసిన పనిముట్టు బజారులో లేక తామే చేసుకున్నారు. వడ్రంగి తన ఉలి తానే కాచుకున్నట్టు. పేర్లు, నమూనాలు, లక్షణాల పట్టికలు, జాతిని గుర్తించే కీలకాలు, చిత్రాలు, ఆధార గ్రంథాలు అన్నీ ఒకే బ్రౌజరులో, ఒకే బృందంలోని వారందరికీ తెరుచుకునేలా.

ఎమ్‌ఎక్స్‌తో జరిగిన పనుల్లో ఎన్నదగినది హైమెనోప్టెరా శరీర నిర్మాణ పదకోశం. చీమలు, తేనెటీగలు, కందిరీగలు కలిసిన క్రమం హైమెనోప్టెరా. వీటి మీద రెండు శతాబ్దాలకు పైగా రాసినవారు ఎవరి సంప్రదాయపు పదాలు వాళ్లు వాడారు. చీమలవాళ్లు ఒక పలకను ఒకలా పిలిస్తే కందిరీగలవాళ్లు అదే పలకను మరోలా పిలిచారు. అంతకంటే ప్రమాదం, ఒకే మాటను ఇద్దరు రెండు వేర్వేరు భాగాలకు వాడటం. ఎమ్‌ఎక్స్‌లో భావనను, పదాన్ని, ఆ పదం వాడిన గ్రంథాన్ని మూడు వేర్వేరు నమోదులుగా పెట్టారు. ఫలానా రచయిత ఫలానా వ్యాసంలో ఈ మాట ఈ భాగాన్ని ఉద్దేశించి వాడాడని ఒక్కొక్కటీ ముడిపెట్టుకుంటూ పోయారు. ఎవరి మాట ఒప్పో తీర్పు చెప్పలేదు. 2010లో ప్లాస్ వన్ పత్రికలో వెలువడిన ఈ పదకోశాన్ని వర్ణనలో వాడిన పదాలకు లంకెగా ఇస్తే, చదివేవాడు ఆ భాగం ఏదో నిర్వచనం చూసుకుని మరీ ముందుకెళ్లవచ్చు. నిఘంటువు చూసిన తెలుగువాడికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు, అర్థంతో పాటు ప్రయోగం చూపడం మనకు అలవాటే.

టాక్సన్‌వర్క్స్

ఎమ్‌ఎక్స్‌కు వారసుడు టాక్సన్‌వర్క్స్. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఉన్న స్పీషీస్ ఫైల్ గ్రూపు దీన్ని తయారుచేస్తోంది. మిడతలు, కీచురాళ్ల ప్రపంచ జాబితా అయిన ఆర్థోప్టెరా స్పీషీస్ ఫైల్‌తో పేరొచ్చిన బృందం ఇది. ఎమ్‌ఎక్స్, స్పీషీస్ ఫైల్, 3ఐ అనే మూడు పాత సాఫ్ట్‌వేర్ల అనుభవం ఇందులో కలిసింది. ఆర్థోప్టెరా జాబితా ఇప్పుడు దీని మీదే నడుస్తోంది. లండన్‌లో జాన్ నోయిస్ దశాబ్దాల పాటు కూర్చిన చాల్సిడ్ కందిరీగల మహా డేటాబేసు కూడా దీనిలోకే వచ్చింది. ఒక మనిషి జీవితకాలపు కృషి ఆయన రిటైరైనా ఆగకుండా ఒక సమూహం చేతికి అందడం ఈ రంగంలో అరుదు.

లోపల పని ఎలా ఉంటుందంటే, ఒక్కో బృందానికి ఒక ప్రాజెక్టు. పేర్లు, నమూనాలు, పట్టికలు ప్రాజెక్టుకు సొంతం, పక్కవాళ్లకు కనబడవు. గ్రంథాలు, వ్యక్తులు, భౌగోళిక ప్రాంతాలు, మ్యూజియంలు మాత్రం అందరికీ ఉమ్మడి. ఊరి చెరువు నీరు అందరిదీ, మడి ఎవరిది వారిదీ అన్న లెక్క. ఒకరు ఒక పాత వ్యాసాన్ని వివరంగా ఎక్కిస్తే ఇంకొకరు మళ్లీ కొట్టనక్కర్లేదు.

తెరమీద ప్రతి నమోదు పక్కన చిన్న గుండ్రని బొత్తాం ఉంటుంది. నొక్కితే పువ్వు విచ్చుకున్నట్టు గుండ్రంగా మెనూ తెరుచుకుంటుంది: ఆధారం, గమనిక, ట్యాగు, చిత్రం, గుర్తింపు సంఖ్య, నమ్మకం స్థాయి. పేరైనా, నమూనా అయినా, పట్టికలో ఒక్క గడి అయినా అదే మెనూ. 'ఈ పేజీలో ఇలా ఉంది, నాకు సగం నమ్మకమే' అని రాసిపెట్టుకునే వీలు మామూలు డేటాబేసుల్లో ఉండదు. శాస్త్రంలో అధిక భాగం సగం నమ్మకాలే కాబట్టి, నా దృష్టిలో ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా విలువైనది ఆ చిన్న బొత్తామే.

ఒక్క లోపం చెప్పాలి. ఇది నేర్చుకోవడం కష్టం. నామకరణ నియమావళి తెలియనివారికి మొదటి వారమంతా ఎక్కడ ఏం నొక్కాలో అర్థం కాదు. చేసే పనే అంత మెలికలు తిరిగి ఉంటే సాఫ్ట్‌వేర్ సులువుగా ఉండాలనడం న్యాయమా అని దాని పక్షాన వాదించవచ్చు. కానీ నెలకోసారి తెరిచే కాలేజీ అధ్యాపకుడికి ఆ వాదన ఊరటనివ్వదు.

గుత్తి సాలీడు చీటీ

మ్యూజియంలో ప్రతి నమూనాకూ కింద ఒక చీటీ ఉంటుంది. ఊరు, తేదీ, సేకరించినవారి పేరు. గోరంత కాగితం, అక్షరాలు చీమల్లా ఉంటాయి. దాన్ని కంప్యూటరెక్కించడం తేలికనుకుంటారు గానీ ఆ చీటీ చాలాసార్లు చెప్పవలసింది చెప్పదు.

నీలిరంగులో మెరిసే పోసిలోథేరియా మెటాలికా అనే పెద్ద చెట్టు సాలీడును బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు పోకాక్ 1899లో వర్ణించాడు. నమూనా దొరికింది గుత్తిలో, రైల్వే కలప యార్డులో. ఆ తర్వాత వందేళ్లు అది మళ్లీ ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో దొరికింది. గుత్తికి అది సుమారు వంద కిలోమీటర్లు. కలప దుంగల్లో దాక్కుని రైలెక్కి గుత్తి చేరి ఉంటుందని అంచనా. మరి డేటాబేసులో ఊరు ఏమని రాయాలి? తెలిసినవాడు 'గుత్తి' కొట్టేసి 'నల్లమల' అని దిద్దుదామనుకుంటాడు. అది చేయకూడని పని. చీటీలో ఉన్న మాట ఉన్నట్టే ఒక గడిలో ఉంటుంది. ఈ రోజు మనం దానికి చెప్పుకునే అర్థం ఇంకో గడిలో, ఎవరు చెప్పారో వారి పేరుతో. దిద్దినవాడు పొరబడితే పాత మాట దగ్గరికి తిరిగి వెళ్లే దారి ఉండాలి కదా. అంతరించిపోయే తీవ్ర ప్రమాదంలో ఉన్న ఈ సాలీడు ఇంటర్నెట్లో ఇప్పటికీ గుత్తి పేరుతోనే చలామణీ అవుతోంది.

అక్షాంశ రేఖాంశాల విషయంలోనూ ఇదే జాగ్రత్త. మద్రాసు ప్రెసిడెన్సీ నాటి చీటీ మీద 'వైజాగపటం' అని ఒక్క మాట ఉందనుకోండి. పట్నమా, జిల్లానా? అప్పటి జిల్లాలో ఇప్పటి ఒడిశాలోని జయపురం కొండలు కూడా ఉండేవి. పట్నం మధ్యలో ఒక చుక్క పెట్టేస్తే కొండ మీది కప్ప సముద్రపు ఒడ్డున తేలుతుంది. అందుకని చుక్కతో పాటు, ఇంత దూరంలో ఎక్కడైనా కావచ్చు అని ఒక వ్యాసార్ధం కూడా రాస్తారు. ఆ వ్యాసార్ధం వంద కిలోమీటర్లయితే వంద అనే రాయాలి, సిగ్గుపడనక్కర్లేదు.

చీటీలను కంప్యూటరెక్కించడం ఎందుకంత తొందర అనేవారికి 2018 సెప్టెంబరు 2న రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం కాలిపోయిన రాత్రి గుర్తుచేయాలి. అక్కడి సంపద సుమారు 2 కోట్ల వస్తువులు. ఫొటో తీసి, చీటీ నకలు చేసి పెట్టుకున్న నమూనాలకు కనీసం నీడ మిగిలింది.

లక్షణాల పట్టిక, వంశవృక్షం

జీవపరిణామం వైపు వస్తే ప్రధాన పనిముట్టు లక్షణాల పట్టిక. అడ్డంగా జాతులు, నిలువుగా లక్షణాలు. ఫలానా ఎముకకు రంధ్రం ఉందా, ఉంటే 1, లేకుంటే 0. జర్మన్ కీటక శాస్త్రవేత్త విల్లీ హెన్నిగ్ 1950లో వేసిన పద్ధతి మీద, ఉమ్మడిగా పొందిన కొత్త లక్షణాలను బట్టి ఎవరు ఎవరికి దగ్గరో ఈ పట్టికనుంచి లెక్కకడతారు. ఇబ్బంది ఏమిటంటే ఆ 1 ఎవరు ఏం చూసి వేశారో అచ్చయిన పట్టికలో కనబడదు.

మార్ఫోబ్యాంక్ సరిగ్గా ఇక్కడ చేయి వేసింది. గడి మీద నొక్కితే ఫొటో తెరుచుకుంటుంది, ఆ ఎముక మీద గుర్తు పెట్టి ఉంటుంది. అమెరికాలో మౌరీన్ ఓలియరీ నాయకత్వంలో ఒక పెద్ద బృందం దీన్ని వాడి క్షీరదాల వంశవృక్షం గీసి 2013లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. 86 జాతులు, 4,541 లక్షణాలు. గుణిస్తే 3,90,526 గళ్లు. జరాయువుతో పిల్లలను కనే క్షీరదాలు డైనోసార్లు పోయాకే కొమ్మలు వేశాయని వాళ్ల నిర్ణయం. డీఎన్‌ఏ కాలమానం నమ్మేవారు దాన్ని గట్టిగా కాదన్నారు. వాదన సాగింది, కానీ గడి తెరిచి ఎముక చూపించి మరీ వాదించుకునే వీలు వచ్చింది. నాకు ఆ వృక్షం కంటే ఆ వీలే గొప్పగా అనిపిస్తుంది.

మరో పెద్ద ప్రయత్నం ఓపెన్ ట్రీ ఆఫ్ లైఫ్. ఎందరో గీసిన చిన్న వృక్షాలను అతికి, 2015లో 23 లక్షల కొసలున్న ఒకే వృక్షం విడుదల చేశారు. చాలా కొమ్మల వెనుక పాత వర్గీకరణ పట్టిక తప్ప పరిశోధనేమీ లేదు. ఆ మాట వాళ్లే చెప్పుకున్నారు.

మిగిలినవి

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం 2007లో మొదలుపెట్టిన స్క్రాచ్‌ప్యాడ్స్ ద్రుపల్ అనే వెబ్ చట్రం మీద కట్టినది. ప్రోగ్రామింగు రానివారు కూడా తాము చదివే జీవుల కుటుంబం మీద ఒక వెబ్‌సైటు నిలబెట్టుకునేలా దాన్ని తీర్చిదిద్దారు. బెల్జియంలో ఓస్టెండ్ నగరపు సముద్ర పరిశోధన సంస్థ నడిపే ఆఫియా సముద్ర జీవుల ప్రపంచ రిజిస్టరుకు పునాది. 2 లక్షలకు పైగా చెల్లుబాటు జాతులు, సమూహాలకు ఆయా నిపుణులే సంపాదకులు. మొక్కల ఎండు నమూనాలవాళ్లు అమెరికాలో సింబయోటాను, బెర్లిన్‌లో ఎడిట్ వేదికను వాడుతున్నారు. సాలీళ్లకు బెర్న్ మ్యూజియంలో ప్రపంచ జాబితా ఉంది, 2022 ఏప్రిల్‌లో అందులో 50,000వ జాతి చేరింది. పాత పుస్తకాలకు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ దిక్కు, 6 కోట్ల పేజీలకు పైగా ఉచితంగా చదువుకోవచ్చు.

ఎవరు దిద్దాలి, ఎవరు పోషించాలి

వికీపీడియా పద్ధతిలో ఎవరైనా దిద్దవచ్చా? వర్గీకరణలో చాలా వేదికలు వద్దనుకున్నాయి. తప్పు పేరు ఒక్కరోజు ఉన్నా వందచోట్లకు నకలైపోతుంది. నిపుణుడికే అధికారమిస్తే ఆయన బిజీగా ఉన్నన్నాళ్లూ పద్దు కదలదు. ఐనాచురలిస్ట్ వంటి చోట్ల లక్షల మంది ఫొటోలు పెడతారు, గుర్తింపు మీద ఓట్లేస్తారు. అది పరిశీలనల వేదిక, నామకరణానికి కాదు. ఈ రెంటి మధ్య సరిహద్దు ఎక్కడో ఇంకా ఎవరూ తేల్చలేదు.

అసలు గండం డబ్బు. గ్రాంటు మూడేళ్లకో అయిదేళ్లకో ముగుస్తుంది, సర్వరు బిల్లు ముగియదు. ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ లైఫ్ అనుబంధంగా వచ్చిన లైఫ్‌డెస్క్స్ మూతపడింది. ఎమ్‌ఎక్స్ అభివృద్ధి ఆగింది, దాని డేటాకు టాక్సన్‌వర్క్స్ నీడ దొరికింది. మూతపడటం తప్పు కాదు, సాఫ్ట్‌వేర్‌కు ఆయుష్షు ఉంటుంది. డేటాను డార్విన్ కోర్ రూపంలోనో, లక్షణాల పట్టికలకు వాడే నెక్సస్ రూపంలోనో బయటికి తీసుకుపోయే దారి పెట్టకుండా మూతపడితే తప్పు. కొత్తగా పని మొదలుపెట్టే బృందం బొమ్మలు ఎంత బాగున్నాయో చూసే ముందు ఆ దారి ఉందో లేదో చూసుకోవాలి.

మన దేశంలో

1916లో ఏర్పడిన భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ 2024లో దేశపు జంతుజాలం జాబితాను పోర్టల్‌గా విడుదల చేసింది. 1,04,561 జాతులున్నాయి. పెద్ద అడుగే. అయితే అది తుది జాబితా, పని చేసుకునే బల్ల కాదు. జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవుల కేంద్రం, భారత వృక్షశాస్త్ర సర్వేక్షణ సంస్థకు దక్కన్ కేంద్రం హైదరాబాదులోనే ఉన్నాయి. 2008 నుంచి ఉన్న ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ పరిశీలనలకూ, జాతి పేజీలకూ ఉమ్మడి వేదిక. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షను ప్రకారం కొత్త జాతి కనుక్కున్నవారు దాన్ని ప్రభుత్వం గుర్తించిన భాండాగారానికి తెలియజేసి, నమూనా అప్పగించాలి. నమూనాకు చట్టం ఉంది, నమూనా వెంట ఉండవలసిన డేటాకు అటువంటి పట్టుదల ఇంకా రాలేదు.

డార్విన్ కోర్‌లో స్థానిక నామానికి ఒక గడి ఉంది, భాష ఏదో చెప్పేందుకు దాని పక్కన ఇంకొకటి. ప్యాట్రిక్ రస్సెల్ 1796లో కాటుకరేకుల పొడ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు, అప్పట్లో అతనికి వేరే దారి లేదు. మీ ఊళ్లో ఒక పామునో, చేపనో, కలుపు మొక్కనో పెద్దలు పిలిచే పేరు మీకు తెలిస్తే, ఫొటోతో, ఊరి పేరుతో, తేదీతో ఆ గడిలో తెలుగులోనే రాయండి.